మోటార్‌హోమ్ ఎక్కాలంటే న్యూజిలాండ్ రోడ్డా, పొన్నూరు రోడ్డా?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావమరిది పోయిన నెల ఫోన్ చేశాడు. "బావా, ఈ సెలవులకి మేం నలుగురం, అమ్మతో కలిపి అయిదుగురం, మోటార్‌హోమ్‌లో తిరుగుదామనుకుంటున్నాం. డబ్బులు పోతే పోయాయి, విదేశం వెళ్లమంటావా, ఇక్కడే కారవాన్ అద్దెకి తీసుకోమంటావా?" అన్నాడు. పడకలు, వంటగది, టాయిలెట్ లోపలే ఉన్న బండిని విదేశాల్లో మోటార్‌హోమ్ అంటారు, మన దగ్గర కారవాన్ అంటున్నారు. మా చుట్టాల్లో రెండూ చేసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను అడిగాడు. 2023 ఏప్రిల్‌లో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో పది రోజులు స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఒక డిసెంబర్‌లో విజయవాడలో బయల్దేరి గుంటూరు, బాపట్ల, సూర్యలంక వైపు మూడు రాత్రులు డ్రైవర్‌తో సహా కారవాన్ తీసుకున్నాం. ఫోన్‌లో వాడికి అరగంట చెప్పాను. ఇంకా చాలా మిగిలిపోయింది, అందుకే ఇలా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. విదేశాల్లో రోడ్లు అద్దంలా ఉంటాయి, వెడల్పుగా ఉంటాయి, మనవి గోతులు అని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. తీరా చూస్తే న్యూజిలాండ్‌లో స్టేట్ హైవే అని బోర్డు పెట్టిన రోడ్డు చాలా చోట్ల ఇటొక వరస, అటొక వరస, అంతే. మధ్యలో డివైడర్ లేదు, గీత ఒక్కటే. మన విజయవాడ–గుంటూరు నేషనల్ హైవే 16 దాని ముందు రాజమార్గం. వెడల్పు, నునుపు మాత్రమే చూసుకుంటే కాజ టోల్ గేట్ దగ్గర మనమే గెలుస్తాం.

అయినా అక్కడ ఏడు మీటర్ల బండిని నేను టెన్షన్ లేకుండా నడిపాను, ఇక్కడ నడపడానికి ధైర్యం చేయలేదు. తేడా తారులో లేదు. వచ్చే నిమిషంలో రోడ్డు మీద ఏముంటుందో ముందే తెలియడంలో ఉంది.

అక్కడ ఒక వంతెన, ఇక్కడ ఒక కట్ట

వనాకా నుంచి హాస్ట్ మీదుగా వెస్ట్ కోస్ట్‌కి వెళ్లే దారిలో ఒకే వరస ఉన్న వంతెనలు వరసగా వస్తాయి. హైవే మీదే, ఒకసారి ఒక బండి మాత్రమే పట్టే వంతెన! మన దగ్గర అలాంటిది ఉంటే రెండువైపులా బండ్లు మధ్యదాకా వచ్చి, నువ్వు వెనక్కి వెళ్లు అంటే నువ్వు వెళ్లు అని మధ్యాహ్నం దాకా కొట్టుకుంటారు. అక్కడ ముందే బోర్డు ఉంటుంది. నీలం పలక మీద మన దిక్కు బాణం పెద్దగా తెల్లగా ఉంటే మనం ముందు. గుండ్రటి బోర్డులో మన దిక్కు బాణం చిన్నగా ఎర్రగా ఉంటే ఆగి, ఎదుటివాడికి దారి ఇవ్వాలి. మొదటి రోజు నేను ఎర్ర బాణాన్ని చూసి కూడా ముందుకు పోనిచ్చాను. మా ఆవిడ "ఆగండి, ఆగండి" అంటూనే ఉంది. ఎదురుగా పాల ట్యాంకర్. వాడు హారన్ కొట్టలేదు, లైట్లు కూడా వేయలేదు. అవతలి ఒడ్డునే ఆగి, నేను దాటాక స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తాడు. అది నమస్కారమో చీవాటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక మన వైపు. గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల రోడ్డు. కారులో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, ఆ రోడ్డు నాకు ఎప్పుడూ ఇబ్బందిగా అనిపించలేదు. కారవాన్‌లో ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఈ బండ్లకి వెనక చక్రాల తర్వాత కూడా మీటరున్నర, రెండు మీటర్ల శరీరం వేలాడుతూ ఉంటుంది. స్పీడ్ బ్రేకర్‌ని ముందు చక్రాలు దాటతాయి, వెనక చక్రాలు దాటతాయి, ఇక అయిపోయిందనుకునే సమయానికి తోక కిందికి దిగి రోడ్డుని గీరుతుంది. వాడిన నీళ్లు బయటికి వదిలే పైపు సరిగ్గా అక్కడే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే పడుకున్న గేదె వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. ఊళ్లలో మనవాళ్లు వేసేది మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ఎవరింటి ముందు యాక్సిడెంట్ అయితే వాళ్లు రాత్రికి రాత్రి వేసేస్తారు. వాళ్ల బాధ వాళ్లది, తప్పు పట్టలేం. పొన్నూరు ఇంకా రాకముందే ఒక ఊళ్లో అలాంటి కట్ట మీద మా బండి పైపు విరిగింది. గిన్నెలు కడిగిన నీళ్లు ఊరంతా కారుస్తూ వెళ్లాం.

అయితే తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కిలోమీటరు లోపే పంచర్ షాపు ఉంది. ఆ కుర్రాడు కింద దూరి, పాత ట్యూబు ముక్క చుట్టి, తీగ బిగించి, పావుగంటలో పంపించేశాడు. రెండు వందలు తీసుకున్నాడు. న్యూజిలాండ్‌లో ఇదే జరిగితే కంపెనీకి ఫోన్ చేసి, సిగ్నల్ ఉన్న చోటు దాకా నడిచి, మనిషి వచ్చేదాకా కొండల్ని చూస్తూ కూర్చోవాలి. పైగా అక్కడి అద్దె ఒప్పందాల్లో బండి పైకప్పుకీ, అడుగుభాగానికీ తగిలిన దెబ్బలు చాలాసార్లు ఇన్సూరెన్స్‌లోకి రావు. బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ రెండు మాటలూ ఎక్కడ ఉన్నాయో వెతికి చదవండి.

ఇక్కడి హైవే మీద కూడా నిశ్చింతగా ఉండలేం. నాలుగు వరసల రోడ్డు మీద ఎదురు వచ్చే ట్రాక్టర్, డివైడర్ సందులోంచి దూరే బైకు, కోతల కాలంలో ఒక వరస నిండా ఆరబోసిన ధాన్యం, టెయిల్ లైట్ లేకుండా పక్కన ఆపిన లారీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుకొచ్చే లారీలు సరేసరి. బ్రేకు వేస్తే ఆగడానికి కారుకంటే ఎక్కువ దూరం తీసుకునే బండి మన చేతిలో ఉన్నప్పుడు ఇవన్నీ వేరేలా కనిపిస్తాయి. అందుకే నా సలహా: ఇక్కడ డ్రైవర్‌తోనే తీసుకోండి, చీకటి పడ్డాక కదలకండి, రోజుకి 200 కిలోమీటర్లు దాటకండి. హైవే వదిలి లోపలికి వెళ్తే 120 చాలు. 7,500 కిలోల లోపు బండిని ఎల్ఎంవీ (మామూలు కారు) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి చట్టం అడ్డు కాదు. అడ్డు ఆ కట్టలు, ఆ ట్రాక్టర్లు.

అక్కడ రోజుకి 250 కిలోమీటర్లు హాయిగా వెళ్లొచ్చు, కానీ గూగుల్ మ్యాప్ చెప్పిన టైముకి గంటకి పావుగంట చొప్పున కలుపుకోండి. వేగ పరిమితి 100 అయినా 3.5 టన్నులు దాటిన బండికి 90. కొండ మలుపుల్లో 40 కూడా ఎక్కువే. వెనక కార్లు పోగుపడితే పక్కకి ఆగి దారి ఇవ్వడం అక్కడ మర్యాద.

రాత్రి ఎక్కడ ఆపుతారు?

రోడ్డు గురించి ఇంత ఆలోచించినవాళ్లు కూడా దీని గురించి ఆలోచించరు. నన్నడిగితే ఎంపిక తేల్చేది ఇదే.

న్యూజిలాండ్‌లో చాలా చిన్న ఊళ్లలో కూడా హాలిడే పార్క్ ఉంటుంది. బండికి ఒక జాగా, పక్కనే కరెంటు పాయింటు, తాగే నీళ్ల కుళాయి, వేడినీళ్ల స్నానాల గదులు, అందరూ వాడుకునే వంటగది. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్ ఉంటుంది. ఊరి బయట ఉచితంగా ఆగాలంటే బండికి సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్, అంటే నీళ్లూ మురుగూ బండిలోనే ఉంచుకోగలదన్న కాగితం, ఉండాలి. బిగించి ఉన్న టాయిలెట్ ఉంటేనే అది ఇవ్వాలని 2023లో చట్టం చేశారు. టాయిలెట్ పెట్టె 20 లీటర్ల లోపే ఉంటుంది. నలుగురు వాడితే రెండు రోజులు రాదు. దాన్ని సూట్‌కేసులా చక్రాల మీద లాక్కుంటూ వెళ్లి పొయ్యాలి. మా ఇంట్లో ఆ పని ఎవరిదో చెప్పక్కర్లేదు.

మన వైపు ఆ ఏర్పాటు ఇంకా అలవాటు కాలేదు. కేరళ 2021లో కారవాన్ టూరిజం పాలసీ తెచ్చి, పార్కులు కట్టడం మొదలుపెట్టింది. మన దగ్గర కారవాన్ అంటే జనానికి ఇప్పటికీ సినిమా హీరోల బండే. సూర్యలంకలో మా బండి చుట్టూ పిల్లలు చేరి, లోపల ఎవరున్నారని తొంగి చూశారు. నేను దిగేసరికి వాళ్ల మొహాలు చూడాలి! కాబట్టి రాత్రి మకాం ముందే మాట్లాడుకోవాలి. రిసార్ట్‌లో ఒక గది తీసుకుని, పార్కింగ్‌లో బండి పెట్టి, ఆ గది బాత్రూమ్ అందరూ వాడుకోవడం ఒక పద్ధతి. దానికంటే మంచిది చుట్టాల ఇల్లు. మేం ఒక రాత్రి పొన్నూరు దగ్గర మా మేనమామ ఇంటి వాకిట్లో ఆపాం. ఏసీకి కరెంటు కావాలంటే 15 యాంప్స్ ప్లగ్గే ఉండాలి. మావయ్య ఉత్సాహంగా హాల్లోని 5 యాంప్స్ ప్లగ్గుకి వైరు తగిలించాడు. ఏసీ వేయగానే ఇల్లంతా చీకటి. చివరికి గీజర్ ప్లగ్గు నుంచి వైరు లాగాం. టాయిలెట్ ట్యాంకు ఇంటి సెప్టిక్ ట్యాంకులోనే ఖాళీ చేయాలి. కాలవ గట్టు దగ్గర వదిలేద్దాం సార్ అని డ్రైవర్ అంటాడు. ఒప్పుకోకండి. ఆ నీళ్లే కింద ఊళ్లవాళ్లు వాడుకుంటారు.

నీళ్లకీ తిండికీ మాత్రం ఇక్కడ లోటు లేదు. ప్రతి ఊళ్లో ఆర్వో ప్లాంటు, పొద్దున్నే ఇడ్లీ బండి. బండిలో స్టవ్ ఉన్నా మేం మూడు రోజుల్లో టీ తప్ప ఏమీ కాయలేదు. అక్కడ మూడు పూటలా వండుకున్నాం. బయట తినాలంటే అయిదుగురికి అయ్యే ఖర్చుకి గుండె ఆగుతుంది. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లాం. ఎయిర్‌పోర్ట్‌లో తిండి వస్తువులన్నీ ఫారంలో రాసి చూపించాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్. మాది చూసి, వాసన చూసి, నవ్వి వదిలేశారు.

అయితే ఏ దేశం?

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది న్యూజిలాండే. అక్కడా ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. ఇంగ్లిష్‌లో ఉన్న మన కారు లైసెన్స్ చెల్లుతుంది. ఇంకో లాభం, మనకి ఎండాకాలం సెలవులు వచ్చే ఏప్రిల్, మే నెలలు వాళ్లకి ఆకు రాలే కాలం. రద్దీ తగ్గి అద్దెలు దిగుతాయి. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది, రాత్రి హీటర్ లేకుండా కుదరదు. తే అనౌ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ దాకా ఉన్న 120 కిలోమీటర్ల రోడ్డు తప్పక వెళ్లండి, మంచు కురిసే రోజుల్లో చెయిన్లు పెట్టుకునే వెళ్లాలి. దారిలో ఆగితే కియా అనే కొండ చిలకలు వచ్చి వైపర్ రబ్బరు కొరికేస్తాయి, ఫొటో తీసుకుంటూ మైమరచిపోకండి.

ఆస్ట్రేలియా కూడా ఎడమవైపే. దూరాలు మాత్రం మన ఊహకి అందవు, పొద్దు గూకాక కంగారూలు అడ్డం పడతాయి. గ్రేట్ ఓషన్ రోడ్డు 243 కిలోమీటర్లు, అది ఒక్కటీ పెట్టుకుంటే బాగుంటుంది.

అమెరికా సంగతి వేరు. గుంటూరు, విజయవాడల్లో వీధికి నాలుగిళ్ల పిల్లలు అక్కడే ఉన్నారు. అమ్మానాన్నలు వెళ్లినప్పుడు ఆర్వీ (మోటార్‌హోమ్‌కి అక్కడి పేరు) తీసుకుందామంటారు. రోడ్డు కుడివైపు, బండి 30 అడుగులు, అంటే తొమ్మిది మీటర్లు. పెట్రోల్ బండి గ్యాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్లు ఇస్తే గొప్ప, అంటే లీటరుకి నాలుగు కిలోమీటర్లు. అద్దె తక్కువగా చూపించి మైలుకింత, జనరేటర్‌కి గంటకింత అని విడిగా వేసే కంపెనీలు ఉన్నాయి. నేషనల్ పార్కుల్లో మంచి జాగాలు ఆరు నెలల ముందే అయిపోతాయి. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ మూడూ దొరికే జాగా ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ ఎలుగుబంట్ల భయం వల్ల గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు, టెంటు గుడ్డ ఉన్నవాటిని రానివ్వరు. అబ్బాయో అల్లుడో నడిపితే పక్కన కూర్చుని చూడటానికి అమెరికా అంత బాగున్నది ఇంకోటి లేదు. మీరే నడపడానికైతే వద్దు.

యూరప్ గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నేను అక్కడ నడపలేదు. కుడివైపు డ్రైవింగ్, మామూలు లైసెన్స్‌తో 3.5 టన్నుల దాకానే, పాత ఊళ్ల సందులు మన విజయవాడ వన్ టౌన్ సందుల్లాంటివే. ఫ్రాన్స్‌లో టోల్ బండి ఎత్తుని బట్టి మారుతుంది, రెండు మీటర్లు దాటితే కారు రేటు ఉండదు. రెండో ట్రిప్పుకి పెట్టుకోండి.

ఏ దేశానికైనా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీవో ఆఫీసులోనే తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. న్యూజిలాండ్‌లో అక్కర్లేకపోయినా నేను తీసుకెళ్లాను, కౌంటర్లో పని సులువైంది.

డబ్బు లెక్క

న్యూజిలాండ్ అంటే విమానం టికెట్లే బడ్జెట్‌లో పెద్ద భాగం తింటాయి. అయిదుగురికి ఆరు బెర్తుల బండి కావాలి, బెర్తులతో పాటు బెల్టున్న సీట్లు కూడా అయిదు ఉన్నాయో లేదో చూడాలి. నడుస్తున్న బండిలో పడుకోవడం అక్కడ కుదరదు, ఏడేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. డీజిల్ బండికి కిలోమీటరు చొప్పున రోడ్డు పన్ను కూడా ఉంది, తిరిగి అప్పగించేటప్పుడు వసూలు చేస్తారు.

ఇక్కడ రోజు అద్దెతో పాటు ఎన్ని కిలోమీటర్ల దాకా అన్నది అడగండి. ఆపైన కిలోమీటరుకెంత, డ్రైవర్ బత్తా, టోల్, పక్క రాష్ట్రానికి వెళ్తే పన్ను ఎవరిది, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకుని నేను చివరి రోజు అరగంట వాదించాను. టోల్‌కి ఇచ్చే ఫాస్టాగ్ ఏడాది పాస్ సొంత కార్లకే, ఈ బండ్లకి పనికిరాదు. ఖాళీ బండి హైదరాబాద్ నుంచి మీ ఇంటికి వచ్చే కిలోమీటర్లు కూడా మీ ఖాతాలోనే పడొచ్చు, అటూ ఇటూ కలిపి 550 దాటుతుంది.

ఆటోనగర్‌లో పాత ట్రావెలర్ వ్యాన్ కొని కారవాన్ చేయించుకుంటే చవక కదా అని మావాడు మధ్యలో అన్నాడు. చేసే పనివాళ్లు ఉన్నారు, వాళ్ల చేతి పనికి వంక పెట్టలేం. కానీ బండి రూపం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. ఎక్కకపోతే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే.

ఇక్కడ వెళ్లాలంటే నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. మే నెలలో రేకుల డబ్బాలాంటి బండిలో, బెజవాడ ఎండలో, ఆగిన చోట ఏసీ నడవకపోతే మీ పిల్లలు మిమ్మల్ని క్షమించరు. సంక్రాంతికి హైదరాబాద్ రోడ్డు ఎక్కకండి, కీసర టోల్ దగ్గరే పండగ అయిపోతుంది. శ్రీశైలం అనుకుంటే దోర్నాల వైపు అడవి గేటు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు, చీకటి పడకముందే దాటేలా బయల్దేరండి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద భారీ వాహనాలను పోనివ్వరు, కనకదుర్గ వారధి మీద నుంచే వెళ్లాలి. గుంటూరు మూడు వంతెనల లాంటి రైలు వంతెనల కిందికి వెళ్లేముందు బండి ఎత్తు ఎంతో డ్రైవర్‌ని అడగండి. ఏసీ పైన ఉంటే మూడు మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది.

ఇదంతా విన్నాక మా బావమరిది, "మరి మాకేది?" అన్నాడు. వాడికి నడపడం అంటే ప్రాణం. పిల్లలు తొమ్మిది, పన్నెండు. ఈ ముగ్గుర్నీ చూస్తే న్యూజిలాండ్. కానీ మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, నిచ్చెనెక్కి పై బెర్తులో పడుకోలేదు. కింది పడక అంటే భోజనాల బల్లని రోజూ రాత్రి మడిచి పరుపు వేయాలి. విమానంలో అన్ని గంటలు కూర్చోలేదు. ఆవిడ ఫోన్ తీసుకుని నన్ను ఒకటే అడిగింది, "అందులో బాత్రూమ్‌లో చెంబు పట్టుకుని కూర్చునే చోటు ఉంటుందా నాయనా?" ఉండదని నిజమే చెప్పాను. మోకాలు తలుపుకి తగులుతుంది.

ఆవిడతో కలిసి డిసెంబర్‌లో రెండు రాత్రులు సూర్యలంక, రిసార్ట్‌లో ఒక గది ఆవిడ కోసం. వాళ్లు నలుగురూ వచ్చే ఏడాది ఏప్రిల్‌లో న్యూజిలాండ్, ఆ పది రోజులూ అత్తయ్య విజయవాడలో మా ఇంట్లో. అలా తేలింది. బండి బ్రాడీపేట లైన్లోకి తిరగదు, కరెంటు వైర్లు అడ్డం. సామాను ఆటోలో వేసుకుని హైవే మీదికి రమ్మన్నాను.